తెలుగు వాయిస్ మెసేజ్‌ల నుంచి ఆర్డర్ లిస్టు: చేపల పేర్లు, తూకాలు తప్పు పడుతున్నాయి

విశాఖలో చేపలు ఇంటికి పంపే చిన్న షాపు మాది. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలంపాట అవ్వగానే సరుకు తెచ్చి, ఎనిమిదింటికల్లా కోసి ప్యాక్ చేయాలి. ఆర్డర్లు చాలావరకు ముందురోజు రాత్రి వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లలో వస్తాయి. వాటిని ఏఐతో రాతలోకి మార్చి పేరు, చేప, బరువు, కటింగ్ అని టేబుల్ చేయించాలని చూస్తున్నాను.

మామూలు మాటలు బాగానే పడుతున్నాయి. చిక్కంతా చేపల పేర్లు, తూకాల దగ్గరే. "కోనాం కేజీన్నర, ముక్కలు సన్నంగా" అంటే "కొనం కేజీ, ముక్కలు సన్నంగా" అని వస్తోంది. కొనం అంటే ఆర్డరే పోయినట్టు! కానాగంతలు, నెత్తళ్లు అనే పేర్లయితే దానికి అసలే దొరకవు. వెనక టీవీ మోగుతుంటే ఇక చెప్పక్కర్లేదు.

వాడింది మాటను రాతగా మార్చే ఒక ఉచిత ఓపెన్ మోడల్. భాష ఆటోలో వదలకుండా తెలుగు అని పెట్టాను. వాట్సాప్ వాయిస్ వచ్చే ఓపస్ ఫైల్‌ను 16 కిలోహెర్ట్జ్ వేవ్ (WAV) ఆడియో ఫైల్‌గా మార్చాను, తేడా లేదు. వచ్చిన రాతను, మా చేపల లిస్టును కలిపి చాట్‌బాట్‌కిస్తే పేర్లు కొంత సర్దుకున్నాయి. కానీ బరువు వినపడనిచోట తనే "1 కేజీ" అని వేసేస్తోంది. "తెలియకపోతే ఖాళీగా వదులు" అని రాసినా ఒకసారి వింటుంది, ఒకసారి వినదు. డబ్బుతో పని కాబట్టి నాకు అసలు టెన్షన్ ఇదే. టైప్ చేయమని కస్టమర్లను అడిగాం, పెద్దవాళ్లు చేయరు.

భాషిణి (కేంద్ర ప్రభుత్వ భాషా ఏఐ వేదిక), ఏఐ4భారత్ (ఐఐటీ మద్రాస్ పరిశోధన బృందం) మోడళ్లు ఇంకా ముట్టుకోలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి అప్పుడు కూర్చుని సెట్ చేసుకోగలను.

చేపల పేర్లు, తూకం మాటల లిస్టు ముందే ఇస్తే వాటిని సరిగ్గా పట్టుకునే తెలుగు స్పీచ్ టు టెక్స్ట్, చిన్న షాపు భరించగలిగేది, మీలో ఎవరైనా వాడుతున్నది ఏది?