అప్‌డేట్: నాన్నను బాబాయి గురించి అడిగేశాను

మా నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన పెట్టెలో బాబాయి రాసిన పాత ఉత్తరాల కట్ట కనబడిందని, అడగాలా వద్దా అని ఇంతకుముందు మీ సలహా అడిగాను. చిన్నప్పుడే ఇల్లు వదిలి వెళ్లిపోయిన ఆ బాబాయి పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఎదురుగా కూర్చోబెట్టి నిలదీయొద్దని ఒకరు చెప్పింది బాగా పనికొచ్చింది. ఇద్దరం పుస్తకాల అర సర్దుతుండగా "ఈ ఉత్తరాలు చూశాను నాన్నా" అన్నానంతే. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కట్ట విప్పి తేదీల వరుసలో పేర్చడం మొదలుపెట్టారు. మాస్టారు కదా!

ఉత్తరాలొస్తే చింపేయమని తాతయ్య హుకుం. నాన్నకప్పుడు ఇరవై ఏళ్లు. చింపలేదు, అలాగని నానమ్మకు ఇవ్వనూ లేదు. "ఏమైనా వచ్చిందా?" అని ఆవిడ అడిగినప్పుడల్లా లేదనే చెప్పారట. ఆ ఉత్తరాల సంగతి తెలియకుండానే ఆవిడ చనిపోయింది. "గుమ్మంలో నిలబడి అడిగేదమ్మా" అని నాన్న ఏడ్చేశారు.

"నీ తప్పేం లేదు" అనబోయి ఊరుకున్నాను. ఆ మాటంటే అక్కడితో ఆపేసేవారు. "తర్వాత?" అని మాత్రం అడుగుతూ పోయాను.

ఇప్పుడు కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నారు, గొణుక్కుంటూనే. ఉత్తరాలు దాచిన సంగతి తెలిసి అత్తయ్య మాత్రం మండిపడి నాన్నతో మాట్లాడటం మానేసింది. ఆవిడ కోపంలో నాకు అన్యాయమేమీ కనబడలేదు. బాబాయి నంబర్ బంధువుల ద్వారా దొరికింది కానీ, ముందు ఉత్తరమే రాస్తానని నాన్న పట్టు. ఫోన్ చేస్తే అవతలి మనిషికి ఆలోచించుకునే వ్యవధి ఉండదట. రాసింది నాకు చూపించారు. సంజాయిషీలు ఎక్కువయ్యాయన్నాను. మళ్లీ రాస్తున్నారు.