శరణార్థుల శిబిరాలకు ముళ్లకంచె అవసరమా?

ప్రశ్న:
మయన్మార్ నుంచి పారిపోయి బంగ్లాదేశ్‌కి వచ్చిన రోహింగ్యాల శిబిరాల చుట్టూ ముళ్లకంచె వేశారట. బయటికి వెళ్లాలంటే అనుమతి కావాలట. అన్ని లక్షల మందికి చోటిచ్చిన దేశం, భద్రత కోసం కంచె వేసుకుంటే తప్పేముంది? అక్కడి సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1:
ఆ శిబిరాలున్న కాక్స్ బజార్ జిల్లాలో నీటి సరఫరా పని చూశానండి. 2017 ఆగస్టు తర్వాత ఏడు లక్షలకు పైగా జనం వచ్చిపడితే ఆ దేశం చోటిచ్చింది. ఆ మేలు చిన్నది కాదు. నా అభ్యంతరమల్లా కంచె మీదే.

అక్కడి ఇళ్లు వెదురు, టార్పాలిన్. పక్కా ఇల్లు కట్టనివ్వరు, కడితే ఇక పోరని భయం. సందులో ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒరగాలి. లోపల గ్యాస్ సిలిండర్లు. 2021 మార్చి 22న మంటలు అంటుకున్నప్పుడు పరుగెత్తుకొచ్చినవాళ్లు కంచె దగ్గర ఇరుక్కుపోయారు. తీగ కత్తిరిస్తే గానీ కొందరు బయటపడలేదు. పది మందికి పైగా చనిపోయారు, దాదాపు 45 వేల మందికి నిలువనీడ పోయింది. ఆ రోజు కంచె ఎవర్ని కాపాడినట్టు?

జవాబు 2:
శిబిరాలున్న ఉఖియా ప్రాంతంలో ఊరివాళ్ల కంటే శరణార్థులే ఎక్కువ. కొండల మీద అడవి పోయింది, కూలి రేట్లు పడిపోయాయి. గేట్లు తీసేస్తే ఆ పేదవాళ్ల గతేంటి?

జవాబు 1 రాసినవారు:
వాళ్ల గోడు నిజమేనండి, అది వినకుండా ఏ విధానమూ నిలబడదు. కానీ కంచె ఉన్నా కూలికి వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు. పని చేసుకునే హక్కు లేదు కాబట్టి ఎంతిస్తే అంత పుచ్చుకుంటారు, డబ్బులు ఎగ్గొట్టినా ఎవరికీ చెప్పుకోలేరు. ఊరి కూలీ రేటు దెబ్బతినేది అక్కడే. ఉగాండా 2006 చట్టంతో శరణార్థులకు పని చేసుకునే, తిరిగే హక్కులిచ్చింది, సాగుకి కాస్త నేల కూడా ఇస్తోంది. నేల చాలడం లేదు, అయినా దారి అదే. బంగ్లాదేశ్ శిబిరాల్లోనేమో 2023లో నిధుల్లేక ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం మనిషికి నెలకి 12 డాలర్ల రేషన్‌ని 8కి దించేసింది. సంపాదించుకోనివ్వక, తిండీ తగ్గిస్తే ఆ తల్లులు పిల్లలకి ఏం పెట్టాలి?

ప్రశ్న అడిగినవారు:
అయితే ముందు చట్టం మారాలన్నమాట?

జవాబు 1 రాసినవారు:
పని హక్కు ఇవ్వాలంటే మారాలి. శరణార్థుల హక్కులేమిటో చెప్పే 1951 అంతర్జాతీయ ఒప్పందంలో బంగ్లాదేశ్ చేరలేదు, కాబట్టి అది తేలిగ్గా తెగే విషయం కాదు. అగ్నిప్రమాదంలో జనం బయటపడటానికి కంచెకి సరిపడా గేట్లు పెట్టి, తాళాలు తీసి ఉంచడానికి మాత్రం ఏ చట్టమూ అక్కర్లేదు. అది రేపు పొద్దున్నే మొదలుపెట్టొచ్చు.