శాట్‌లో 1480 వచ్చింది, ఆగస్టులో మళ్లీ రాయించాలా?

ప్రశ్న

అమెరికాలోనే చదువుతున్న మా అమ్మాయి పదకొండో తరగతి పూర్తిచేసింది. అమెరికా కాలేజీ ప్రవేశాలకు ఉపయోగపడే శాట్ పరీక్షను మేలో రాస్తే 1600కు 1480 వచ్చాయి: గణితంలో 770, రీడింగ్–రైటింగ్‌లో 710. ఇంజినీరింగ్ కోసం ఎంఐటీ, కాల్‌టెక్, బ్రౌన్, కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లు తన జాబితాలో ఉన్నాయి. ఆగస్టులో మరోసారి రాస్తే మంచిదని నేను, వేసవంతా దానికే పోతే అప్లికేషన్ వ్యాసాలు ఎప్పుడు రాయాలని తను, వాదించుకుంటున్నాం. రెండోసారి స్కోరు తగ్గితే అది కాలేజీల కంట పడుతుందేమోనన్న భయం కూడా ఉంది. ఈ దారిలో నడిచినవారు సలహా ఇవ్వగలరు.

మొదటి జవాబు

స్కోరు తగ్గుతుందన్న భయాన్ని ముందు పక్కన పెట్టండి. ఏ తేదీ స్కోర్లు పంపాలో విద్యార్థే ఎంచుకునే వెసులుబాటును చాలా కాలేజీలు ఇస్తాయి. ఎంఐటీ, బ్రౌన్ అయితే వేర్వేరు తేదీల్లో రాసినా ఒక్కో విభాగంలోని అత్యధిక స్కోరునే లెక్కలోకి తీసుకుంటాయి. సూపర్‌స్కోర్ అనేది దీన్నే. రాసిన స్కోర్లన్నీ పంపాలనే జార్జ్‌టౌన్ లాంటివి మీ జాబితాలో లేవు. కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రవేశాలకు శాట్‌ను అసలు చూడదు కాబట్టి ఆ క్యాంపస్‌ల ప్రసక్తి ఇక్కడ అనవసరం. మిగిలిన మూడింటిలో స్కోరు పంపకుండా తప్పించుకునే వీలు లేదు: ఎంఐటీ 2022లో, బ్రౌన్, కాల్‌టెక్ 2024లో శాట్ లేదా అలాంటిదే అయిన ఏసీటీ పరీక్షను మళ్లీ తప్పనిసరి చేస్తున్నట్లు ప్రకటించాయి. రాయించండనే నా సలహా.

రెండో జవాబు

దీనితో నేను పూర్తిగా ఏకీభవించలేను. సూపర్‌స్కోర్ వల్ల స్కోరుకు నష్టం లేదన్నది నిజమే, కానీ మీ అమ్మాయి అడుగుతున్నది సమయం గురించి. చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తు పంపే కామన్ యాప్‌కు 650 పదాల వ్యాసం, కాలిఫోర్నియాకు ఒక్కొక్కటి 350 పదాలకు మించని నాలుగు సమాధానాలు, కామన్ యాప్‌తో సంబంధం లేని ఎంఐటీ సొంత దరఖాస్తు, వీటికి తోడు మిగతా కాలేజీలు విడివిడిగా అడిగే ప్రశ్నలు ఉంటాయి. ముందస్తు దరఖాస్తుల గడువేమో నవంబరు 1. పైగా శాట్ నివేదికలో స్కోరు పక్కనే ఒక పరిధి ముద్రిస్తారు. అదే విద్యార్థి అదే సామర్థ్యంతో మరో రోజు రాసినా మొత్తం మీద 40 పాయింట్ల వరకు అటూ ఇటూ కావచ్చని దాని భావం. 1480 కాస్తా 1510 అయితే ఇంట్లో సంబరమే గానీ, ఫైలు చదివే అధికారికి అందులో కొత్తగా తెలిసేదేమీ ఉండదు. కాలేజీలు ఏటా వెలువరించే కామన్ డేటా సెట్‌లో, చేరినవారి 25వ, 75వ పర్సంటైల్ స్కోర్లు (నూటికి 25 మంది, 75 మంది అంతకు దిగువన ఉండే స్కోర్లు) విభాగాలవారీగా ఉంటాయి. మొత్తాన్ని వదిలి, విడివిడిగా పోల్చి చూశాక నిర్ణయించుకోండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. చూశాను, ఎంఐటీలో మా రెండు విభాగాలూ 25వ పర్సంటైల్ కన్నా కిందే ఉన్నాయి. శాట్ నివేదికలో రీడింగ్–రైటింగ్‌ను నాలుగు భాగాలు చేసి చూపారు. మూడు బాగానే ఉన్నాయి, వ్యాకరణ నియమాల భాగం ఒక్కటే వెనకబడింది. శాట్ రాయడానికి వాడే బ్లూబుక్ యాప్‌లోని నమూనా పరీక్షల్లోనూ తప్పులు అక్కడే జరుగుతున్నాయి: రెండు పూర్తి వాక్యాలను ఒట్టి కామాతో కలిపేయడం, కర్త దూరంగా ఉంటే పక్కనున్న నామవాచకాన్ని బట్టి క్రియారూపం ఎంచుకోవడం.

మూడో జవాబు

ఈ వివరంతో లెక్క మారిపోయింది. చదివింది అర్థం చేసుకోవడంలోనో పదసంపదలోనో లోటు ఉండి ఉంటే నేను రెండో జవాబు వైపే నిలబడేవాడిని, ఎందుకంటే చదివే అలవాటు ఒక్క వేసవిలో మారదు. మీరు చెప్పిన తప్పులు అలాంటివి కావు. శాట్ అడిగే విరామచిహ్నాల, అన్వయక్రమ నియమాలు పరిమితం. వ్యాకరణ ప్రశ్నలు మాత్రం ఆ విభాగంలోని 54లో దాదాపు నాలుగో వంతు.

పరీక్ష నిర్మాణాన్ని కూడా గమనించండి. 27 ప్రశ్నల మాడ్యూళ్లు రెండు, ఒక్కోదానికి 32 నిమిషాలు. మొదటిదాంట్లో ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండోది కఠినంగానో సులువుగానో వస్తుంది, సులువైనది వస్తే అందుకోగల స్కోరుకే కోత పడుతుంది. 710 వచ్చిందంటే తనకు కఠినమైనదే వచ్చి ఉంటుంది కాబట్టి ఆ బెంగ అక్కర్లేదు. వ్యాకరణ ప్రశ్నలు ప్రతి మాడ్యూల్‌లోనూ ఒకేచోట వరుసగా, చదివి అర్థం చేసుకోవాల్సిన ప్రశ్నల తర్వాత వస్తాయి. అక్కడికి చేరేసరికి బుర్ర అలసిపోతుందనుకుంటే, ముందు వాటినే పూర్తిచేసి వెనక్కి రావచ్చు. ఒకే మాడ్యూల్‌లో ముందుకూ వెనక్కీ తిరగడానికి అడ్డేమీ లేదు. గణితంలో 770 అంటే జారినవి ఒకటి రెండు ప్రశ్నలే అయి ఉంటాయి, వారానికి ఒక సాధన చాలు.

మీ అమ్మాయి మాటకూ విలువ ఇవ్వండి. రోజూ ఉదయం వ్యాసాలకు కేటాయించి, సాయంత్రం గంటసేపు వ్యాకరణం చూసుకోమనండి. జూలై మధ్యలో, ఇంతవరకు ముట్టుకోని బ్లూబుక్ పరీక్ష ఒకటి గడియారం పెట్టి రాయించండి. రీడింగ్–రైటింగ్ 750 దాటితే ఆగస్టుకు వెళ్లనివ్వండి, లేదంటే 1480తోనే దరఖాస్తు చేయడం మేలు. ఆగస్టు ఫలితం ఎలా ఉన్నా అక్టోబరు పరీక్షకు మాత్రం పేరు ఇవ్వకండి. నవంబరు 1 గడువుకు ముందు ఆ నెలంతా వ్యాసాలకే కావాలి.