ముందు బ్యాచ్ చెప్పిన స్పాటర్లు: సాయమా, అన్యాయమా?

ప్రశ్న: రెండో ఏడాది ఎంబీబీఎస్ విద్యార్థిని, కర్నూలు

మా పాథాలజీ ప్రాక్టికల్ పరీక్షలు హాల్‌టికెట్ నంబర్ల వరుసలో బ్యాచ్‌లవారీగా కొన్ని రోజులపాటు జరుగుతాయి. మొదటి రోజు పరీక్ష ముగించుకుని వచ్చినవారు ఆ సాయంత్రమే హాస్టల్ వాట్సాప్ గ్రూపులో అవయవాల నమూనాలున్న ఏయే జాడీలు స్పాటర్లుగా, అంటే చూసి గుర్తుపట్టవలసినవిగా, పెట్టారో, ఏ స్లైడ్లు వచ్చాయో, ఎక్స్‌టర్నల్ గారు (బయటి కాలేజీ నుంచి వచ్చే పరీక్షకులు) వైవాలో (మౌఖిక పరీక్షలో) దేని మీద ఎక్కువగా అడుగుతున్నారో రాసి పెట్టడం ఆనవాయితీ. ఈసారి నా నంబరు మొదటి బ్యాచ్‌లో పడింది కనుక నన్నూ రాయమంటున్నారు. ఇంటి నుంచి వచ్చి వెళ్లేవారు కొందరు ఆ గ్రూపులో లేరు. నేను రాస్తే వారికి అన్యాయం జరుగుతుందేమోనని, రాయకపోతే తోటివారికి ద్రోహం చేసినట్టవుతుందేమోనని మథనపడుతున్నాను. పెద్దలు దయచేసి చెప్పండి.

జవాబు: హౌస్ సర్జన్, అనంతపురం

చెల్లెమ్మా, ఇది పోటీ పరీక్ష కాదు. విశ్వవిద్యాలయ పరీక్షలో ఒకరు ఉత్తీర్ణులైతే మరొకరి సీటు పోదు. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇంట్లో ఒక్క డాక్టరూ లేని నాబోటివారు మొదటి ఏడాది గట్టెక్కామంటే అది సీనియర్ అన్నలు చేతిరాతతో ఇచ్చిన నోట్సు వల్ల, పాత ప్రశ్నపత్రాల వల్ల. డాక్టర్ల పిల్లలకు ఇంట్లోనే దొరికే మార్గదర్శనం రాయదుర్గం నుంచో పత్తికొండ నుంచో వచ్చిన పిల్లవాడికి హాస్టల్‌లోనే దొరకాలి. దాన్ని తప్పుపడితే నష్టపోయేది పేదవాడే.

జవాబు: అసిస్టెంట్ ప్రొఫెసర్, జనరల్ మెడిసిన్, కడప

పై మిత్రుడు చెప్పిన నోట్సు, పాత ప్రశ్నపత్రాల విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. అవి గ్రంథాలయంలో అందరికీ అందుబాటులో ఉండవలసినవి. అయితే ముగిసిన పరీక్ష గురించి చెప్పడం వేరు, ఇంకా నడుస్తున్న పరీక్షను బయటపెట్టడం వేరు. రెండో దానిలో చివరి బ్యాచ్‌కు దక్కేది మొదటి బ్యాచ్‌కు ఎన్నటికీ దక్కదు, గ్రూపులో లేనివారికి అసలే దక్కదు.

అంతకంటే పెద్ద నష్టం రోగి మంచం దగ్గర కనిపిస్తుంది. నేను ఇంటర్నల్ పరీక్షకురాలిగా ఉన్న ఒక పరీక్షలో, కుడివైపు ప్లూరల్ ఎఫ్యూజన్ (ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరడం) ఉన్న రోగిని మొదటి రోజు లాంగ్ కేసుగా, అంటే పూర్తిగా పరీక్షించి కేసు షీటు రాయడానికి, ఇచ్చాము. ఆయనకు ఆయాసం పెరగడంతో ఆ సాయంత్రం చాలా నీరు తీశారు. మరునాడు అదే మంచం వచ్చిన విద్యార్థి కేసు షీటులో శ్వాసనాళం ఎడమకు జరిగిందని, కుడివైపు మధ్యభాగం నుంచి కింది వరకు స్టోనీ డల్‌నెస్ (తట్టితే రాయిని తట్టినట్టు మొద్దు శబ్దం) ఉందని, శ్వాస శబ్దాలు వినిపించడం లేదని తడుముకోకుండా రాశాడు. నా ఎదుట పెర్కషన్ చేసి (ఛాతీని వేలితో తట్టి) చూపించమన్నప్పుడు వేలి కింద రెజొనెంట్ శబ్దం (గాలి ఉన్నచోట వినిపించే మోగే శబ్దం) పలకగానే అతని చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు వీపు మీద నీరు తీసిన చోట వేసిన ప్లాస్టర్‌ను కూడా అతడు చూడలేదు. జవాబు ముందే తెలిసిన మనిషి వెతకడం మానేస్తాడు. వెతకడం నేర్పడానికే కదా మనం లాంగ్ కేసు పెడుతున్నది!

బాధ్యతంతా విద్యార్థుల మీద వేయడం కూడా సరికాదు. పాథాలజీ మ్యూజియంలో అన్ని జాడీలుండగా ప్రతి బ్యాచ్‌కూ అదే లియోమయోమా (కండర గడ్డ), అదే సిర్రోసిస్ (గట్టిపడి పాడైన) కాలేయం పెట్టడం పరీక్షకుల బద్ధకం. రోజూ స్పాటర్లు మార్చి, కేసులు మార్చి, వైవా అంశాలను చీటీలు తీసి నిర్ణయిస్తే సాయంత్రం సందేశాలకు విలువే ఉండదు.

జవాబు: పీజీ విద్యార్థి, కర్నూలు

పోటీ లేదన్న మాట ఎంబీబీఎస్ వరకే. నీట్ పీజీలో (పీజీ వైద్య సీట్ల ప్రవేశ పరీక్షలో) ప్రశ్నలను బయటపెట్టబోమని అభ్యర్థులందరూ అంగీకరించే పరీక్ష రాస్తారు. అయినా గుర్తు తెచ్చుకున్న ప్రశ్నలు రీకాల్స్ పేరుతో చెలామణి అవుతూనే ఉంటాయి, వాటిలో చాలాభాగం కోచింగ్ యాప్‌లకు డబ్బు కట్టినవారికే చేరుతుంది. 2024లో రెండు షిఫ్టుల్లో జరిగిన ఆ పరీక్షలో, వేరువేరు పేపర్లు రాసినవారిని ఒకే కొలతతో ఎలా చూస్తారని ఆందోళన రేగింది. 2025 మే 30న సుప్రీంకోర్టు ఒకే షిఫ్టులో పెట్టమని ఆదేశించాక ఆగస్టు 3న అలాగే నిర్వహించారు. అక్కడ అందరికీ ఒకే అవకాశం కావాలని గొంతెత్తిన మనమే కాలేజీలో గ్రూపులో ఉన్నవారికొక పరీక్ష, లేనివారికొక పరీక్ష నడపడం నాకు మింగుడుపడదు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. నా బ్యాచ్‌లో వచ్చినవన్నీ చివరి బ్యాచ్ పరీక్ష ముగిసిన సాయంత్రం, ఇంటి నుంచి వచ్చేవారూ ఉన్న తరగతి గ్రూపులోనే పెడతాను. జూనియర్ల కోసం ఒక ప్రతి గ్రంథాలయానికి ఇస్తాను. స్పాటర్లు రోజూ మార్చమని మా క్లాస్ రిప్రజెంటేటివ్‌తో కలిసి విభాగాధిపతి గారిని అడగాలనుకుంటున్నాము. మేడమ్, ఈ విన్నపం పరీక్షలకు ఎంత ముందుగా ఇస్తే ఎక్స్‌టర్నల్ గారితో మాట్లాడి ఏర్పాటు చేసే వీలుంటుంది?