బ్రేకు తొక్కితే ఇండికేటర్ ఆగిపోతోంది: 1971 ఎంజీబీ వైరింగ్ సందేహం

లెస్టర్ నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారం. నా దగ్గర 1971 ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు తెరుచుకునే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఉంది. కుడి స్టీరింగ్, క్రోమ్ బంపర్, నెగటివ్ ఎర్త్ (బ్యాటరీ మైనస్ కొన కారు బాడీకి కలిపి ఉంటుంది). ఇంజిన్‌తో పేచీ లేదు, కరెంటుతోనే వేగలేకపోతున్నాను. పగలు అంతా సవ్యంగానే ఉంటుంది. వాన సాయంత్రం వైపర్లు, హీటర్ ఫ్యాను వేసుకుని వెళ్తూ, ఇండికేటర్ వేసి బ్రేకు తొక్కితే టిక్‌టిక్ ఆగిపోతుంది. బల్బు ఆరదు, కొట్టుకోదు, మసగ్గా అలాగే ఉండిపోతుంది. అదే సమయంలో పెట్రోల్ ముల్లు కిందికి జారుతుంది, వైపర్లు నీరసిస్తాయి. ఫ్లాషర్ యూనిట్ (ఇండికేటర్‌ను టిక్‌టిక్ కొట్టించే డబ్బా) కొత్తది వేశాను, మార్పు లేదు. ఒక గ్యారేజీలో చూపిస్తే మొత్తం హార్నెస్ (కారు వైర్ల కట్ట) మార్చాలన్నారు. వాళ్లు చెప్పిన ఖర్చు వింటే కారే అమ్మేద్దామనిపించింది. నిజంగా అంత పని ఉందంటారా?

కొవెంట్రీ నుంచి:
హార్నెస్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీరు చెప్పిన జబ్బులన్నీ ఎక్కడ కలుస్తున్నాయో చూడండి. ఇండికేటర్లు, బ్రేక్ లైట్లు, వైపర్లు, హీటర్ ఫ్యాను, పెట్రోల్ గేజ్... ఇవన్నీ ఒకే ఆకుపచ్చ వైరు మీద బతుకుతాయి. ఐదు వస్తువులు ఒకేసారి పాడవ్వవు, వాటికి కరెంటు తెచ్చే దారిలో ఎక్కడో ఇరుకు ఉంది.

ఈ కార్లకు కరెంటు సామాను చేసిన లూకాస్ కంపెనీ వైర్ల రంగుల పద్ధతి తెలిస్తే సగం పని అయినట్టే. బ్రౌన్ అంటే బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉండేది, దానికి ఫ్యూజు లేదు. తెలుపు తాళం తిప్పాక వచ్చేది, దానికీ ఫ్యూజు లేదు. తెలుపు ఫ్యూజు దాటితే ఆకుపచ్చ అవుతుంది, బ్రౌన్ ఫ్యూజు దాటితే ఊదా అవుతుంది. ఎరుపు సైడ్ లైట్లకు, నీలం హెడ్‌లైట్లకు, నలుపు ఎర్త్‌కు. ఆకుపచ్చ మీద ఊదా గీత ఉంటే బ్రేక్ లైటు, ఎర్ర గీత ఉంటే ఎడమ ఇండికేటర్, తెల్ల గీత ఉంటే కుడి ఇండికేటర్.

పాతకాలపు ఫ్లాషర్ లోపల వేడికి వంగే పట్టీ ఉంటుంది. సరిపడా కరెంటు పారితేనే అది వేడెక్కి కొట్టుకుంటుంది. వోల్టేజీ పడిపోతే బద్ధకించి ఊరుకుంటుంది. అందుకే కొత్తది వేసినా తేడా రాలేదు. పెట్రోల్ గేజ్‌కు ముందు ఉండే స్టెబిలైజర్ సగటున 10 వోల్టులు ఇస్తుంది. దానికే 10 కన్నా తక్కువ అందితే అది మాత్రం ఎక్కడి నుంచి తెచ్చిస్తుంది? ముల్లు జారిందంటే ఆకుపచ్చ వైరులో ఆ మాత్రం కూడా లేదన్నమాట.

మల్టీమీటర్ తీసుకుని ఇలా చూడండి. నల్ల ప్రోబు మంచి ఎర్త్ మీద పెట్టండి. ఇగ్నిషన్, వైపర్లు, ఫ్యాను, ఇండికేటర్ ఆన్ చేసి, ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టుకోమనండి. ఫ్యూజు బాక్సులో బ్రౌన్, తెలుపు, ఆకుపచ్చ టెర్మినళ్ల మీద వోల్టేజీ ఎంతో వరుసగా రాయండి. ఇగ్నిషన్ తప్ప ఇంకేమీ ఆన్ చేయకుండా కొలిస్తే అన్నిచోట్లా 12 చూపించి మిమ్మల్ని మోసం చేస్తుంది. లోడు ఉన్నప్పుడే, అంటే అవన్నీ కరెంటు లాగుతున్నప్పుడే, అసలు రంగు బయటపడుతుంది.

హ్యూస్టన్ నుంచి:
కొవెంట్రీ అన్న చెప్పిన పరీక్ష చేసే ముందు ఒక జాగ్రత్త. ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ ఆన్‌లో ఎక్కువసేపు ఉంచితే, పాయింట్లు (కాయిల్ కరెంటును కలిపి విడదీసే స్విచ్చు) మూసుకుని ఉన్నచోట ఆగితే, స్పార్కు పుట్టించే కాయిల్ కాలిపోయేంత వేడెక్కుతుంది. కాయిల్‌కు వచ్చే తెల్ల వైరు ఊడదీసి, కొనకు టేపు చుట్టి పక్కన పెట్టండి. వెనకాల ఎస్‌యూ పెట్రోల్ పంపు కాసేపు టకటకలాడి ఆగుతుంది, కంగారుపడొద్దు.

హైదరాబాద్ నుంచి:
నాకు ఎంజీబీ లేదు, అంబాసడర్ ఉంది. దాని బి సిరీస్ ఇంజిన్ మీ 1798 సీసీ ఇంజిన్‌కు దగ్గర చుట్టమే. కరెంటు సామాను ఇక్కడ మద్రాసు లూకాస్ టీవీఎస్ వాళ్లది. అందుకే నోరు మెదుపుతున్నాను. లూకాస్ పేరు చెప్పగానే ‘చీకటి దొర’ అని, అంటే వాళ్ల లైట్లు ఆరిపోతాయని, జోకు వేయడం అందరికీ అలవాటే. నన్నడిగితే అది అన్యాయం. 50 ఏళ్ల పాటు వానకీ చలికీ నానిన ఇత్తడి జాయింటు ఏ కంపెనీది అయినా చిలుము పడుతుంది. వైరు లోపలి రాగి సాధారణంగా బాగానే ఉంటుంది, పోయేవి కొనలు. బ్యాటరీ దగ్గర కూడా చూడండి బాబూ. మీ మోడల్లో సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు ఉంటాయి కదా, ఆ రెంటినీ కలిపే తీగను అందరూ మర్చిపోతారు.

లెస్టర్ నుంచి:
చాలా థాంక్స్. నిన్న సాయంత్రం కొలిచాను. మా ఆవిడ బ్రేకు తొక్కి పట్టుకుంది. బ్రౌన్ 12.2, తెలుపు 11.8, ఆకుపచ్చ 9.7. హైదరాబాద్ బాబాయ్ గారు చెప్పిన లింకు తీగ గట్టిగానే ఉంది. ఫ్యూజు క్లిప్పులు ఎమెరీ కాగితంతో రుద్దాను, కొత్త ఫ్యూజు వేశాను. ఆకుపచ్చ 9.9కి వచ్చింది, అంతే. ఫ్యూజు బాక్సు వెనక వైపు ప్లాస్టిక్ కొంచెం గోధుమరంగుకు తిరిగింది.

కొవెంట్రీ నుంచి:
దొరికింది. బ్రౌన్‌కీ తెలుపుకీ మధ్య 0.4 పోవడం ఇగ్నిషన్ స్విచ్చు, కనెక్టర్లు తిన్నది. ఈ వయసుకు పర్వాలేదు. తెలుపుకీ ఆకుపచ్చకీ మధ్య దాదాపు 2 వోల్టులు పోవడమే దొంగ. అంతా ఆన్‌లో ఉన్నప్పుడు అక్కడ సుమారు 10 ఆంపియర్లు పారుతుందనుకుందాం. 10 ఆంపియర్లు, 2 వోల్టులు అంటే 20 వాట్ల వేడి. అంత వేడి ఒక చిన్న జాయింటులో పుడితే ప్లాస్టిక్ రంగు మారదా మరి?

ఇప్పుడు ఇంకొంచెం లోతుకు వెళ్లండి. లోడు అలాగే ఉంచి, ఒక ప్రోబు ఫ్యూజు లోహపు టోపీ మీద, ఇంకోటి దాన్ని పట్టుకున్న క్లిప్పు మీద పెట్టండి. తర్వాత క్లిప్పు మీద ఒకటి, కింద వైరు ఎక్కే స్పేడ్ (చదునైన లోహపు నాలుక) మీద ఒకటి. రెండు వైపులా చూడండి. ఈ బాక్సుల్లో క్లిప్పునూ స్పేడ్‌నూ ఒక రివెట్టు కలుపుతుంది. చిలుము ఆ రివెట్టు కింద చేరితే పైన ఎంత రుద్దినా లాభం ఉండదు.

లెస్టర్ నుంచి:
సరిగ్గా అదే. టోపీకీ క్లిప్పుకీ మధ్య 0.1. ఆకుపచ్చ వైపు క్లిప్పుకీ స్పేడ్‌కీ మధ్య 1.6! బాక్సు తిప్పి చూస్తే రివెట్టు చుట్టూ పచ్చటి పొడి. కొత్త బాక్సు ఖరీదు గ్యారేజీ చెప్పిన లెక్క ముందు చిల్లర డబ్బులు. 35 ఆంపియర్ ఫ్యూజు అని పుస్తకంలో ఉంది. ఇక్కడ ఆటో సామాన్ల షాపులో గాజు ఫ్యూజులు అన్ని సైజులూ ఉన్నాయి, 35 తీసుకోనా?

హ్యూస్టన్ నుంచి:
ఆగండి ఆగండి. బ్రిటిష్ పాత ఫ్యూజు మీద 35 అని ఉంటే అది కాలిపోయే అంకె. నిలకడగా మోసేది 17 ఆంపియర్లే. మా అమెరికన్ ఫ్యూజు మీద 35 అంటే నిలకడగా 35 మోస్తుంది. దాన్ని వేస్తే ఫ్యూజు చల్లగా కూర్చుంటుంది, వైరు కాలుతుంది. షాపు ఫ్యూజు మీద ‘17 నిరంతరం, 35 బ్లో’ అని స్పష్టంగా ఉంటేనే తీసుకోండి. లేదంటే అమెరికన్ పద్ధతి ఫ్యూజు 15 గానీ 20 గానీ చాలు.

బాక్సు మార్చేటప్పుడు ముందు బ్యాటరీ ఎర్త్ తీయండి. బ్రౌన్ వైరుకు ఫ్యూజు లేదని పైన చెప్పారుగా. స్పానర్ అటూ ఇటూ తగిలితే నిప్పురవ్వలతో ఆగదు. వైర్లు ఊడదీసే ముందు ఫోన్లో ఫోటో తీసుకోండి.

లెస్టర్ నుంచి:
కొత్త బాక్సు వేశాను. ఆకుపచ్చ ఇప్పుడు 11.6! ఫ్లాషర్ చక్కగా కొట్టుకుంటోంది, ముల్లు కదలడం లేదు. ఇంకో చిన్నది ఉంది. సైడ్ లైట్లు ఆపేసి ఎడమ ఇండికేటర్ వేస్తే, ముందు ఎడమ సైడ్ లైటు కూడా దాంతోపాటు కొద్దికొద్దిగా వెలిగి ఆరుతోంది. నా కారు 40 ఏళ్లు దాటింది కాబట్టి ఎంఓటీ (బ్రిటన్‌లో ఏటా జరిగే వాహన తనిఖీ) పరీక్ష నుంచి మినహాయింపు ఉంది, వదిలేస్తే ఏమవుతుంది?

హైదరాబాద్ నుంచి:
మినహాయింపు పరీక్షకే బాబూ, వెనక వచ్చే లారీకి కాదు. అది ఎర్త్ సమస్య. ఇండికేటర్, సైడ్ లైటు ఒకే దీపంలో ఉంటాయి, రెండింటికీ ఎర్త్ ఒక్కటే. ఆ ఎర్త్ తెగితే ఇండికేటర్ కరెంటు తిరిగి వెళ్లే దారి లేక సైడ్ బల్బు ఫిలమెంటు గుండా ఎర్ర వైరులోకి వెళ్లి, అక్కడి నుంచి మిగతా సైడ్ లైట్ల ద్వారా ఎర్త్‌కు చేరుతుంది. దీపం విప్పి, బల్బు హోల్డరు నుంచి బాడీకి తాత్కాలికంగా ఒక వైరు తగిలించి చూడండి. సైడ్ లైటు వెలగడం మానితే అక్కడే తప్పు. నల్ల వైరు బుల్లెట్ కనెక్టర్ (వైరు కొనలు దూరే గొట్టపు జాయింటు) తీసి, లోపలి గొట్టం తుప్పు పట్టి ఉంటే కొత్తది వేయండి, రుద్దుతూ కూర్చోకండి.

కొవెంట్రీ నుంచి:
బానెట్ ఎత్తే ఉంది కాబట్టి ఇంజిన్ ఎర్త్ పట్టీ కూడా చూడండి. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది, బాడీతో దాన్ని కలిపేది ఆ అల్లిక పట్టీ. అది వదులైతే స్టార్టర్ కరెంటు చోక్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ వెంట దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టాక చోక్ కేబుల్ వేడిగా తగిలితే పట్టీ మార్చే వరకు బండి తీయకండి.

లెస్టర్ నుంచి:
ఎడమ దీపం నల్ల వైరు గొట్టం చేతిలోనే పొడైపోయింది, మార్చాను, సరిపోయింది. పట్టీ బాగానే ఉంది. చివరిగా ఒకటి. వారం వాడకపోతే బ్యాటరీ దిగిపోతోంది. దాన్నెలా పట్టుకోవాలి?

హ్యూస్టన్ నుంచి:
ఎర్త్ తీగ తీసి, దానికీ బ్యాటరీ పోస్టుకీ మధ్య మీటరును ఆంపియర్ల మీద పెట్టండి. తలుపులు, డిక్కీ మూసి ఉండాలి. ఆ సమయంలో సెల్ఫ్ మాత్రం కొట్టకండి, మీటరు పోతుంది. కరెంటు కనబడితే ముందు ఊదా ఫ్యూజు తీయండి, లోపలి లైటు, హారన్ దాని మీదే ఉంటాయి. తీయగానే సున్నాకు పడితే ఆ రెంటినీ చూడండి. పడకపోతే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ ప్లగ్గు లాగి చూడండి, లోపలి డయోడు లీకైతే ఇలాగే రాత్రంతా తాగుతుంది. అప్పుడూ తగ్గకపోతే రేడియో. ఎవరైనా దాన్ని తర్వాత బిగించి ఉంటే కరెంటు ఎక్కడి నుంచి లాగారో చూసి, మీటరు అంకె ఇక్కడ పెట్టండి.