జానెట్ గత్రీ నిజంగా గొప్ప డ్రైవరా, మొదటి మహిళ కాబట్టి వచ్చిన పేరా?

స్పీడోమీటర్:
అమెరికాలో పేరున్న 500 మైళ్ల కార్ల రేసు ఇండియానాపొలిస్ 500 (ఇండీ)కి 1977లో క్వాలిఫై అయిన, అంటే వేగ పరీక్షలో నెగ్గి చోటు దక్కించుకున్న, మొదటి మహిళ జానెట్ గత్రీ. సరే. కానీ ఆ తరహా ఇండీ కార్లలో 11 రేసులు, మామూలు కార్లలా కనిపించే స్టాక్ కార్ల పోటీ నాస్కార్‌లో 33 నడిపి ఒక్కటీ గెలవలేదు. డానికా పాట్రిక్ అనే మరో మహిళా డ్రైవర్ 2008లో జపాన్‌లోని మొటెగిలో ఇండీ కార్ల రేసు గెలిచి చూపించింది. మరి గత్రీని ఇంతగా నెత్తిన పెట్టుకోవడం ఎందుకు?

పాత ప్రేక్షకుడు:
తమ్ముడూ, 1978 ఇండీ రేసు నేను స్టాండ్‌లో కూర్చుని చూశాను. అప్పట్లో ఇండియానాలోనే చదువుకుంటున్నా. మా వెనక వరసలో ఒకాయన, ఆమె కారు కనిపించినప్పుడల్లా "ఇంకో రెండు ల్యాపులు, అంతే" అనేవాడు. సగం రేసు దాటాక ఆ మాట మానేసి, ప్రోగ్రామ్ పుస్తకం అంచున పెన్సిల్‌తో ఆమె ఎన్నో స్థానంలో ఉందో రాసుకోవడం మొదలుపెట్టాడు. చివరికి 33 మందిలో తొమ్మిదో స్థానం. రేసుకి రెండు రోజుల ముందే మణికట్టు విరిగిందనీ, ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదనీ మాకు తర్వాత తెలిసింది. పైగా టీమ్ కూడా ఆమె సొంతది, చమురు కంపెనీ టెక్సాకో డబ్బుతో నడిపింది.

అంతకు ముందు ఏడాది తమాషా వేరు. "జెంటిల్‌మెన్, ఇంజన్లు స్టార్ట్ చేయండి" అని రేసు మొదలుపెట్టే పిలుపుని మార్చేది లేదన్నారు స్పీడ్‌వే (రేసు మైదానం) వాళ్లు. ఇంజన్ స్టార్ట్ చేసేది బయట నిలబడే మెకానిక్కులు, వాళ్లు మగవాళ్లే కదా అని వాదన. ఆమె టీమ్ వాళ్లు తక్కువ తిన్నారా, కే బిగ్నాటీ అనే ఆవిడ చేతికి స్టార్టర్ ఇచ్చారు! ఇక యజమాని టోనీ హల్మన్, క్వాలిఫై అయిన మొదటి మహిళ ప్రస్తావన కలపక తప్పలేదు. 1971 దాకా ఆడవాళ్లని పిట్స్‌లోకే (కార్లు ఆగి ఇంధనం, టైర్లు మార్చుకునే చోటు) రానివ్వని చోటు మరి.

గేర్‌బాక్స్:
గెలుపే కొలత అయితే ర్యాలీ డ్రైవర్ మిషెల్ మూటోన్ పేరు ఎవరూ ఎత్తరేం? 1982లో మూడు ర్యాలీలు గెలిచి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానం. కాకపోతే ఆమె చేతిలో ఉన్నది ఆడీ కంపెనీ సొంత టీమ్ వాళ్ల క్వాట్రో కారు.

స్పీడోమీటర్:
బాబాయ్, విరిగిన చెయ్యితో నడపడం ధైర్యం. ధైర్యం వేరు, వేగం వేరు. 1977 ఇండీలో వచ్చింది 29వ స్థానమేగా?

పాత ప్రేక్షకుడు:
ఆ రోజు ఇంజన్ మొరాయించింది, దానికి ఆమెనేం అంటాం? వేగం కావాలంటే 1976 చూడు. తన కారుతో ఎంత తన్నుకున్నా క్వాలిఫయింగ్ వేగం రాలేదు. పేరున్న డ్రైవర్ ఎ.జె. ఫాయిట్ తన రెండో కారు ప్రాక్టీసుకి ఇచ్చాడు. అందులో కూర్చున్న రోజే ఆ వేగం అందుకుంది. క్వాలిఫయింగ్‌కి మాత్రం ఆ కారు ఇవ్వలేదు. నాస్కార్ రేసు డేటోనా 500లో 1977లో ఎనిమిదో స్థానంలో పోతుండగా చివర్లో ఇంజన్‌లో రెండు సిలిండర్లు పనిచేయడం మానేశాయి, అయినా 12వ స్థానంలో ముగించింది. కొత్తవాళ్లలో ఆమే ముందు. ఫిజిక్స్ చదివి విమాన కంపెనీలో ఇంజనీరుగా చేసిన మనిషి, కారుకి ఏమైందో ఆమెకి ఒకరు చెప్పాలా! స్పాన్సర్లు దొరక్క మానేసింది గానీ చేతకాక కాదు.

స్పీడోమీటర్:
డేటోనా మాట బాగానే ఉంది. అయినా డానికా కన్నా పైన పెట్టను. ఎక్కడో ఒకచోట గెలిచి ఉండాలి కదా.

పాత ప్రేక్షకుడు:
స్పోర్ట్స్ కార్ల రోజుల్లో సెబ్రింగ్ 12 గంటల రేసులో తన క్లాసులో రెండుసార్లు గెలిచింది. నీ లెక్కలో అది లేదు.