ఇన్‌బాక్స్ ఖాళీ అయింది, బిల్లులు పోతలేవు: యాంటీవైరస్ పనేనా?

ప్రశ్న (మిర్యాలగూడ, రైస్ మిల్లు ఆఫీసు)
అన్నా, విండోస్ 11 సిస్టం, థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం, పాప్ అకౌంటు (మెయిల్స్ సర్వర్‌కెల్లి సిస్టంలకు దిగే రకం). పోయిన వారం కొత్త యాంటీవైరస్ ఎక్కించినం. అప్పటిసంది మెయిల్ పంపుతుంటే సర్టిఫికెట్ (సర్వర్ గుర్తింపు పత్రం) సరిగ్గ లేదని డబ్బా వస్తున్నది. 'కన్‌ఫర్మ్ సెక్యూరిటీ ఎక్సెప్షన్' నొక్కితే ఒకసారి పోతది, మళ్లా అదే గోస. ఇయ్యాల పొద్దున చూస్తే ఇన్‌బాక్స్ ఖాళీ. సెంట్, పార్టీల ఫోల్డర్లు మంచిగనే ఉన్నయ్. క్రోమ్‌ల మాత్రం అన్నీ తెరుచుకుంటున్నయ్. థండర్‌బర్డ్ తీసేసి మళ్లా ఎక్కియ్యమంటరా?

జవాబు (నల్లగొండ, సిస్టం సర్వీసు)
ఇప్పుడే ఏదీ తియ్యకండి. ముందుగాల థండర్‌బర్డ్ మూసెయ్యండి. మీకున్నవి రెండు వేరువేరు రోగాలు. ఒకటి యాంటీవైరస్ మీ ఫైల్ మీద చెయ్యి వేసింది, రెండోది సర్వర్‌కు మీకు మధ్యల కూర్చున్నది. ఖాళీ ఇన్‌బాక్స్ సంగతి ముందు.

థండర్‌బర్డ్‌ల ఒక ఫోల్డర్ అంటే ఒకే ఫైల్. వేల మెయిల్స్ ఉన్నా 'ఇన్‌బాక్స్' అనే ఒక్క ఫైల్లనే ఉంటయ్. దానికి ఎక్స్‌టెన్షన్ కూడా ఉండదు. అందుల ఒక్క మెయిల్‌ల వైరస్ జాడ కనబడితే యాంటీవైరస్ ఆ మెయిల్‌ను ఏరదు, ఫైల్ మొత్తాన్ని క్వారంటైన్‌ల (అనుమానం ఉన్న ఫైళ్లను బంధించి పెట్టే జాగ) పడేస్తది. ఇంకో చిక్కు ఉంది. మీరు డిలీట్ కొట్టిన మెయిల్ కూడా కాంపాక్ట్ చేసేదాక (అంటే తీసేసినవాటిని ఫైల్ల నుంచి ఊడ్చేసేదాక) ఆ ఫైల్లనే పడి ఉంటది. ఎన్నడో తీసేసిన దొంగ ఇన్‌వాయిస్ మెయిల్ ఇప్పుడు కొత్త యాంటీవైరస్ కంటపడి ఉండొచ్చు.

సెట్టింగ్స్‌ల 'లీవ్ మెసేజెస్ ఆన్ సర్వర్' టిక్కు లేకుంటే మీ పాత మెయిల్స్‌కు ఆ ఫైలే దిక్కు. క్వారంటైన్‌ల 'డిలీట్ ఆల్' నొక్కితే ఇక రావు.

థండర్‌బర్డ్ మెనూల హెల్ప్, ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్‌కు పోయి, ప్రొఫైల్ ఫోల్డర్ ఎదురుగ 'ఓపెన్ ఫోల్డర్' నొక్కండి. ఫోల్డర్ తెరుచుకోంగనే థండర్‌బర్డ్‌ను మళ్లా మూసెయ్యండి. యాంటీవైరస్ ఎక్స్‌క్లూజన్స్‌ల (స్కాన్ చెయ్యొద్దని చెప్పే జాబితా) ఈ ఫోల్డర్ పెట్టండి. ఇది చెయ్యకుండ రిస్టోర్ కొడితే పది నిమిషాలల్ల మళ్లా ఎత్తుకపోతది. పాప్ మెయిల్స్ లోపల 'మెయిల్' అనే ఫోల్డర్ల ఉంటయ్ (మెయిల్స్ సర్వర్ మీదనే ఉండే ఐమ్యాప్ రకం అయితే 'ఐమ్యాప్‌మెయిల్'). అక్కడ ఖాళీగనో, ఇయ్యాల వచ్చిన నాలుగు మెయిల్స్‌తోనో కొత్త ఇన్‌బాక్స్ ఫైల్ పుట్టి ఉంటది. దాని పేరు 'ఇన్‌బాక్స్‌కొత్త' లెక్క మార్చండి, థండర్‌బర్డ్‌ల వేరే ఫోల్డర్‌గ కనబడతది, మెయిల్స్ పోవు. అప్పుడు రిస్టోర్ కొట్టండి. పక్కన ఎంఎస్ఎఫ్ ఎక్స్‌టెన్షన్‌తోటి ఉన్న చిన్న ఇన్‌బాక్స్ ఫైల్ ఉత్త సూచిక. దాన్ని తీసేస్తే థండర్‌బర్డ్ తెరిచినప్పుడు తానే మళ్లా రాసుకుంటది. ఏది తీసేస్తున్నరో సైజు చూసుకోండి, పెద్దది ముట్టొద్దు.

ప్రశ్న వేసినవారు
క్వారంటైన్‌లనే ఉంది అన్నా, 4.6 జీబీ! రిస్టోర్ అయింది, మెయిల్స్ అన్నీ వచ్చినయ్. కాపీ తీసుకుందామంటే పెన్‌డ్రైవ్‌ల పడుతలేదు, ఫైల్ పెద్దగున్నదంటున్నది. పెన్‌డ్రైవ్ 32 జీబీ, ఖాళీనే.

జవాబు (నల్లగొండ, సిస్టం సర్వీసు)
పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌ల ఉన్నట్టుంది, దాంట్ల ఒక్క ఫైల్ 4 జీబీ దాటొద్దు. ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేసుకోండి. కాపీ అయినంకనే వైరస్ మెయిల్ వెతికి తీసేసి, ట్రాష్ ఖాళీ చేసి, ఇన్‌బాక్స్ మీద రైట్ క్లిక్ కొట్టి 'కాంపాక్ట్' నొక్కండి. అది పక్కన కొత్త ఫైల్ రాసి పాతదాని స్థానంల పెడతది, కాబట్టి డిస్క్‌ల కనీసం 5 జీబీ ఖాళీ ఉండాలె, యూపీఎస్ ఆన్‌ల ఉండాలె. నడుమల కరెంటు పోతే ఆ కాపీయే మీకు ఆధారం.

ఇంకో టిక్కు: సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీల కిందికి పోతే యాంటీవైరస్ అనే శీర్షిక కింద ఒకటే టిక్కు ఉంటది. అది పెడితే వచ్చే ప్రతి మెయిల్ ముందు విడి ఫైల్‌గ పడి తర్వాత ఇన్‌బాక్స్‌ల కలుస్తది. వైరస్ ఉంటే ఆ ఒక్కటే పోతది.

జవాబు (మహబూబ్‌నగర్, ఆఫీసు నెట్‌వర్క్ పని)
సర్టిఫికెట్ ముచ్చట నేను చెప్త. ఆ డబ్బాల 'వ్యూ' నొక్కి 'ఇష్యూయర్' (సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లు) పేరు చదవండి. జీమెయిల్ అయితే గూగుల్ ట్రస్ట్ సర్వీసెస్ అని ఉండాలె. అక్కడ మీ యాంటీవైరస్ పేరు కనబడితే పంచాయితీ తేలినట్టే. అది మెయిల్ స్కాన్ చెయ్యడానికి తన సొంత సర్టిఫికెట్ పెట్టి నడుమల తాళం తీస్తున్నది. ఆ సర్టిఫికెట్‌ను విండోస్‌ల ఎక్కిస్తది కాబట్టి క్రోమ్ ఒప్పుకుంటది. థండర్‌బర్డ్‌కు ఎవరి సర్టిఫికెట్ నమ్మాలో తన సొంత జాబితా ఉంటది, అందుకే అది మొరాయిస్తది. ఎక్సెప్షన్ నొక్కుకుంట పోవడం మాత్రం చెడ్డ అలవాటు, రేపు నిజంగనే దొంగ సర్వర్ తగిలినా చెయ్యి అట్లనే నొక్కుతది.

యాంటీవైరస్‌ల మెయిల్ షీల్డ్‌కు (మెయిల్ కాపలా సెట్టింగ్) పోయి ఎస్ఎస్ఎల్ స్కానింగ్ (తాళం వేసిన కనెక్షన్‌ను విప్పి చూసుడు) ఒక్కటే ఆపండి. రియల్‌టైమ్ ఫైల్ రక్షణ ఆపొద్దు. అటాచ్‌మెంట్ తెరిచినా, సేవ్ చేసినా డిస్క్ మీదికి వస్తది, అక్కడ అది పట్టుకుంటది. ఆఫీసు రూల్ ప్రకారం మెయిల్ స్కాన్ ఉండాలంటే, థండర్‌బర్డ్ కాన్ఫిగ్ ఎడిటర్‌ల (లోపలి సెట్టింగ్స్ జాబితా) ఎంటర్‌ప్రైజ్ అని ఇంగ్లిష్‌ల కొట్టండి. 'రూట్స్ ఎనేబుల్డ్' అనేది ఫాల్స్ ఉంటే ట్రూ చేసి మూసి తెరవండి, అప్పుడు విండోస్‌ల ఎక్కించిన సర్టిఫికెట్‌ను అది కూడా ఒప్పుకుంటది.

ప్రశ్న వేసినవారు
ఇష్యూయర్ యాంటీవైరస్ పేరే ఉండె. స్కానింగ్ ఆపంగనే పోయింది. కాని పెద్ద బిల్లుల పీడీఎఫ్ పంపితే పార్టీకి రెండుసార్లు పోతున్నదట.

జవాబు (మహబూబ్‌నగర్, ఆఫీసు నెట్‌వర్క్ పని)
మెయిల్ పోయినంక దాని కాపీ సెంట్ ఫైల్ల రాస్తది. ఆ ఫైల్‌ను యాంటీవైరస్ పట్టుకొని ఉంటే 'కాపీయింగ్' దగ్గర ఆగుతది, మీరు పోలేదనుకొని మళ్లా సెండ్ నొక్కుతరు. ఎక్స్‌క్లూజన్ ఇన్‌బాక్స్ ఒక్కదానికే పెట్టి ఉంటరు, ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తానికి పెట్టండి. అటాచ్‌మెంట్ మెయిల్‌ల మూడోవంతు బరువెక్కుతది, 18 ఎంబీ ఫైల్ 24 దాటుతది. జీమెయిల్ హద్దు 25 కాబట్టి అంతకంటె పెద్దవి విడగొట్టి పంపండి.

ఇంకో ప్రశ్న (సూర్యాపేట)
మాది పాత అవుట్‌లుక్. యాంటీవైరస్ 'పాజ్' చేసినా హ్యాంగ్ అయి వేలాడుతున్నది.

జవాబు (నల్లగొండ, సిస్టం సర్వీసు)
పాజ్ చేస్తే దాని డ్రైవర్లు (విండోస్ లోపల నడిచే ముక్కలు) పోవు. కంట్రోల్ మీట పట్టుకొని అవుట్‌లుక్ తెరిస్తే సేఫ్ మోడ్ (యాడ్-ఇన్స్ అనే అదనపు ముక్కలు లేకుండ తెరుచుడు) అడుగుతది. అట్ల మంచిగ నడిస్తే ఫైల్, ఆప్షన్స్, యాడ్-ఇన్స్‌కు పోయి, కింద 'కామ్ యాడ్-ఇన్స్' దగ్గర 'గో' నొక్కి యాంటీవైరస్ టిక్కు తీసెయ్యండి. పీఎస్టీ ఫైల్ (అవుట్‌లుక్ మెయిల్స్ దాచే ఫైల్) ఉన్న ఫోల్డర్ ఎక్స్‌క్లూజన్ల పెట్టండి. అయినా వేలాడితే షిఫ్ట్ పట్టుకొని రీస్టార్ట్ కొట్టి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్‌ల 5 నొక్కి, నెట్‌వర్కింగ్‌తోటి విండోస్ సేఫ్ మోడ్‌కు పోండి. వైఫై రాకపోతే కేబుల్ పెట్టండి. అక్కడ మంచిగ నడిస్తే యాంటీవైరస్‌నే తియ్యాలె, అదీ కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్‌తోటి. తీసి రీస్టార్ట్ చేసినంక విండోస్ డిఫెండర్ తానే లేస్తది. లేచిందో లేదో విండోస్ సెక్యూరిటీ తెరిచి చూసినంకనే నెట్ వాడండి.